షుగర్ పరీక్ష అంటే గుండె దడ పుడుతోందా? చీటీ రాయించుకున్న రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా ఏం చేయాలి

అనంతపురంలో మా ల్యాబు షట్టర్ పొద్దున ఆరున్నరకు ఎత్తుతాం. అప్పటికే బయట అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. కళ్యాణదుర్గం బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్లు, పక్క వీధి నుంచి నడిచి వచ్చినవాళ్లు, అందరూ పరగడుపుతోనే. రక్తం తీసే పనిలో నాకు పదహారేళ్లు నిండాయి. ఆ అరుగు మీద కూర్చున్న తీరు చూస్తే చాలు, ఎవరికి భయంగా ఉందో తెలిసిపోతుంది. ఒకరు డాక్టరు రాసిచ్చిన చీటీని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తుంటారు. ఒకరు ఐదు నిమిషాలకోసారి "ఇంకా ఎంతసేపమ్మా?" అంటారు. కొందరు తమ వంతు వచ్చే సమయానికి కనిపించరు. రెండు నెలల తర్వాత అదే చీటీతో వస్తారు. అప్పటికి అది మడతల దగ్గర చిరిగి ఉంటుంది.

ఆ రెండు నెలలే నన్ను బాధపెడతాయి. షుగరు మొదట్లో చాలామందికి ఏ లక్షణమూ చూపించదు. ఒళ్లు బాగానే ఉంటుంది, పని చేసుకుంటూనే ఉంటారు, లోపల కళ్లకూ మూత్రపిండాలకూ కాళ్ల నరాలకూ జరిగేది జరుగుతూనే ఉంటుంది. అందుకని ఇది రాస్తున్నాను. "ఏం కాదులే, చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. నిజంగా భయపడేవాళ్లకు ఆ మాట పనిచేయగా నేను చూడలేదు. ఎప్పుడు ఏం జరుగుతుందో, అందులో మీ చేతిలో ఉన్నదేమిటో వరసగా చెబుతాను.

మొదటి పని: మీది ఏ భయమో తేల్చుకోండి

భయం అని అందరం ఒకే మాట అంటాం గానీ, నా ముందు కుర్చీలో కూర్చునేవాళ్ల భయాలు వేరువేరు. ఒకరికి పనికొచ్చే ఉపాయం ఇంకొకరికి చెరుపు చేస్తుంది కూడా. ఈ రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని, "పరీక్ష అనగానే నా కళ్ల ముందుకు మొదట వచ్చేది ఏమిటి?" అని రాసి చూడండి.

సూది, నొప్పి కనిపిస్తే, గుండె దడదడలాడి, ఊపిరి పైపైకి వచ్చి, లేచి పారిపోవాలనిపిస్తే, అది కంగారు. దానికి కింద 'కుర్చీలో' దగ్గర చెప్పే ఊపిరి ఉపాయం సరిపోతుంది.

రక్తం కనిపిస్తే, గతంలో ఎప్పుడైనా సూది వేసినప్పుడో దెబ్బ చూసినప్పుడో ఆవలింతలు వచ్చి, చల్లటి చెమట పట్టి, చెవుల్లో హోరుమని, కళ్ల ముందు చీకట్లు కమ్మి ఉంటే, అది వేరే సంగతి. మీ రక్తపోటు ఒక్కసారిగా పడిపోతోంది. దానికి ఊపిరి ఉపాయం చాలదు. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

రిపోర్టులో అంకె కనిపిస్తే, సూదితో మీకు పేచీ లేదు. మీ నాన్నకో, జేజికో షుగరుతో కాలు తీసేయడం చూసి ఉంటారు. లేదా డయాలసిస్ చూసి ఉంటారు. మీ భయం ఆ జ్ఞాపకం నుంచి వస్తోంది.

ఇంకొకటి ఉంది, దీన్ని పైకి చెప్పేవాళ్లు తక్కువ. "షుగరని తేలితే సంగటి ముద్ద మానాలి, అన్నం మానాలి, ఉగాదికి ఓళిగ కూడా ముట్టకూడదంటారు." "మాత్ర మొదలుపెడితే సచ్చేదాకా ఆపలేం గదమ్మా." "పిల్లకు సంబంధం చూస్తాండాం, ఇప్పుడొద్దు." ఒకామె కూతురి పెళ్లి కోసమని ఏడాదిన్నర పరీక్ష వాయిదా వేసింది. పెళ్లి పనుల్లో కాలికి తగిలిన చిన్న గాయం మానకపోతే అప్పుడు వచ్చింది. పరీక్ష వాయిదా వేస్తే షుగరు వాయిదా పడదన్న మాట ఆమెకు ముందే ఎవరైనా నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పరీక్ష అవసరమా అని ఇంకా అనుమానంగా ఉంటే

ఇంట్లోనే ఒక చిన్న లెక్క వేయొచ్చు. చెన్నైకి చెందిన డాక్టర్ వి. మోహన్ బృందం మన దేశం వాళ్ల కోసమే తయారుచేసిన లెక్క ఇది. సూది అక్కర్లేదు, దర్జీ టేపు చాలు.

వయసు 35 లోపైతే 0, 35 నుంచి 49 అయితే 20, 50 దాటితే 30. నడుము కొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపైతే 0, 80 నుంచి 89 అయితే 10, 90 దాటితే 20. మగవాళ్లకు అదే కొలత 90 లోపు 0, 90 నుంచి 99 దాకా 10, 100 దాటితే 20. ఒళ్లు వంచే పనీ, వ్యాయామమూ రెండూ ఉంటే 0, ఏదో ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30. అమ్మానాన్నల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. అన్నీ కూడండి. 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ముప్పు ఎక్కువని అర్థం, పరీక్ష చేయించుకోవాలి. 30 నుంచి 50 మధ్య వస్తే ఓ మోస్తరు ముప్పు.

ఈ లెక్క షుగరు ఉందో లేదో చెప్పదు. అయితే భయపడేవాళ్లకు ఇదొక మంచి తొలిమెట్టు అని నా అనుభవం. పరీక్ష అనేది డాక్టరు మన మీద రుద్దిన పనిలా కాక, మన లెక్క మనమే వేసుకుని తేల్చుకున్న పనిలా ఉంటుంది.

చీటీ మీద ఏ పరీక్ష రాశారో చూడండి

చాలామంది ఇది చూడరు. నాలుగు రకాలున్నాయి, వాటిలో కొన్నింటికి ఉపవాసమే అక్కర్లేదు.

ఎఫ్‌బీఎస్ అంటే పరగడుపు షుగరు. కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. పీపీబీఎస్ అంటే తిన్నాక 2 గంటలకు చేసేది. ఆ 2 గంటలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఆర్‌బీఎస్ ఎప్పుడైనా చేయొచ్చు. ఇక హెచ్‌బీఏ1సీ, మన దగ్గర "మూడు నెలల షుగరు" అంటారు. రక్తంలో ఎర్ర కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. ఆ కాలమంతా వాటికి అంటుకున్న చక్కెర ఎంతో కొలిచి, గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. దీనికి పరగడుపు అక్కర్లేదు, మధ్యాహ్నం భోంచేసి కూడా రావచ్చు.

ఆకలికి తట్టుకోలేక కంగారు పెరిగేవాళ్లు, పొద్దున్నే ఒంటరిగా రాలేనివాళ్లు "నాకు మూడు నెలల షుగరు పరీక్ష సరిపోతుందా?" అని డాక్టరును అడగొచ్చు. రక్తహీనత బాగా ఉన్నవాళ్లకు, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు మాత్రం ఆ అంకె సరిగా రాకపోవచ్చు. మన దగ్గర ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

గర్భిణులకు దారి వేరు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి 2 గంటలకు రక్తం తీస్తారు. తిన్నా తినకపోయినా ఈ పరీక్ష చేయొచ్చు. ఆ తీపికి కొందరికి వాంతి వస్తుంది. గుక్కగుక్కగా ఐదు పది నిమిషాల్లో తాగండి.

వేలికి గుచ్చి చూసే మిషను సంగతి కూడా చెప్పాలి. సూదికి భయపడి "వేలికే చూడండమ్మా" అంటారు. ముందుగా ఒక అంచనాకు అది పనికొస్తుంది గానీ, షుగరు ఉందని తేల్చడానికి నరం నుంచి తీసిన రక్తమే కావాలి. మిషను అంకె అటూ ఇటూ 15 శాతం దాకా తేడా ఉండొచ్చు. ఇంకో మాట, మనది చీనీ (బత్తాయి) తోటల జిల్లా. చీనీ పండు వలిచిన చేతులతో వేలు చాపితే ఆ రసంలోని చక్కెర కూడా లెక్కలోకి వచ్చి అంకె ఎగిరిపోతుంది. తోటలో కాయలు కోసి నేరుగా వచ్చిన ఒకతనికి 280 చూపిస్తే మనిషి వణికిపోయాడు. సబ్బుతో చెయ్యి కడిగించి, ఆరనిచ్చి మళ్లీ చూస్తే 112. శానిటైజర్ రాసుకుంటే చాలదు, నీళ్లతో కడగాలి.

కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు వారం ముందు నుంచి చేయాల్సింది

ఈ భాగం మీది కాకపోతే వదిలేసి ముందుకెళ్లండి. మీదే అయితే మాత్రం రెండుసార్లు చదవండి.

మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది. పెరిగినప్పుడు మనిషి స్పృహ తప్పడు. రక్తాన్నో సూదినో చూస్తే వచ్చే ఈ భయంలో మాత్రం మొదట కాస్త పెరిగి, ఆ వెంటనే గుండె వేగం తగ్గి, రక్తపోటు జారిపోతుంది. మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. ఇది పిరికితనం కాదు. ఇది చాలావరకు కుటుంబాల్లో వస్తుంది, తండ్రికుంటే కొడుకుకూ ఉండడం నేనే చూశాను. కంబళ్లు మోసే మనిషి, బావిలో దిగి పూడిక తీసే మనిషి కూడా నా కుర్చీలో వాలిపోయారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే నాకు కోపం వస్తుంది.

ఇలాంటివాళ్లకు "ఒళ్లు వదులు చెయ్యి, ప్రశాంతంగా ఉండు" అని చెబితే రక్తపోటు ఇంకా తగ్గుతుంది. దీనికి తిరగబడ్డ ఉపాయం కావాలి. స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ఒక పద్ధతి రూపొందించారు. కండరాలు బిగించి రక్తపోటు పడిపోకుండా నిలబెట్టడం దాని సారం.

కుర్చీలో కూర్చోండి. కాళ్లు, తొడలు, పొట్ట, చేతులు ఒకేసారి బిగించండి, బస్తా ఎత్తబోయే ముందు ఒళ్లు బిగిసినట్టు. ముఖంలోకి వేడి ఎక్కుతున్నట్టు అనిపించేదాకా, సుమారు 10 నుంచి 15 సెకన్లు పట్టి ఉంచండి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు. తర్వాత 20, 30 సెకన్లు మామూలు స్థితికి రానివ్వండి. పూర్తిగా వాలిపోయేంత వదులు చేయొద్దు. ఇలా ఐదుసార్లు. రోజుకు మూడు పూటలా, వారం రోజులు చేయండి. నాలుగో రోజుకల్లా ఎప్పుడు బిగించాలో ఒంటికే తెలుస్తుంది. పరీక్ష రోజున కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టి, రక్తం తీసే చేతిని మాత్రం వదులుగా ఉంచి, మిగతా ఒళ్లంతా బిగించండి. బీపీ ఎక్కువున్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇది చేయొద్దు.

దీనికన్నా తేలికైన మాట ఒకటుంది. వచ్చీ రాగానే "నాకు కళ్లు తిరుగుతాయి" అని మాతో చెప్పండి. పడుకోబెట్టి తీస్తాం. పడుకున్న మనిషి పడిపోడు కదా. పదిమందిలో ఎనిమిదిమంది ఈ సంగతి దాచి, పడిపోయాక చెబుతారు. చెప్పినందుకు ఎవరూ చిన్నబుచ్చరు, ఎవరైనా చిన్నబుచ్చితే ఆ ల్యాబు మానేసి ఇంకో చోటికి వెళ్లండి.

ముందు రోజు

రాత్రి భోజనం ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా ముగించండి. రోజూ తినేదే తినండి. అంకె తక్కువ రావాలని రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి మజ్జిగతో సరిపెట్టుకుని వచ్చేవాళ్లున్నారు. అలా వచ్చిన మంచి రిపోర్టు మీ ఒంటి గురించి నిజం చెప్పదు. పైగా ఆకలితో ఉన్న మనిషికి భయం రెట్టింపవుతుంది. ముందు రోజు ఇంట్లో పండగై ఓళిగలు తిన్నా కంగారు పడొద్దు. అది ఆ ఒక్క రోజు సంగతి, మూడు నెలల సగటును అంతగా కదిలించలేదు.

జ్వరం వచ్చి తగ్గుతుంటే, కీళ్లనొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతుంటే వాటి వల్ల షుగరు తాత్కాలికంగా పెరుగుతుంది. డాక్టరుకు చెప్పి తేదీ మార్చుకోవచ్చు. తేదీ మార్చడానికి సరైన కారణం ఇదొక్కటే అని నేనంటాను. ఇప్పటికే షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు పరీక్ష పొద్దున వేసుకోవాలా ఆపాలా అన్నది ముందు రోజే డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి. తిండి లేకుండా వేసుకుంటే షుగరు మరీ పడిపోయే మందులు ఉన్నాయి.

ఫోన్ చేసి ఇంటికొచ్చి రక్తం తీస్తారా అని కూడా అడగండి. అనంతపురం, కర్నూలు, కడప మూడు పట్టణాల్లోనూ చాలా ల్యాబులవాళ్లు వస్తున్నారు. తన మంచం మీద, తన మనుషుల మధ్య ఉంటే కొందరికి సగం భయం పోతుంది. డబ్బు సంగతే అడ్డమైతే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు ఉచితంగా చూసే కార్యక్రమం ఉంది, మీ ఆశా కార్యకర్తను అడిగితే రోజు చెబుతుంది. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్, మా అనంతపురం సర్వజన ఆసుపత్రి ఎలాగూ ఉన్నాయి. అక్కడ వరస పొడుగ్గా ఉంటుంది. నిలబడిన కొద్దీ భయం పెరిగేవాళ్లు ఇంకొక మనిషిని తోడు తీసుకెళ్లి వరసలో నిలబెట్టండి.

ఆ రోజు పొద్దున

నీళ్లు తాగండి. ఇది నేను మొక్కి చెప్పే మాట. పరగడుపు అంటే నీళ్లు కూడా తాగకూడదనుకుని, మే నెలలో నలభై డిగ్రీల ఎండలో, నాలుక పిడచకట్టుకుని వస్తారు. నీళ్లు తక్కువైన ఒంట్లో నరం చదునుగా మారి వేలికి తగలదు. అప్పుడు ఒక పోటు పడాల్సిన చోట రెండు పోట్లు పడతాయి. "నాకు నరం దొరకదమ్మా" అనే వాళ్లలో చాలామందికి దొరకంది నరం కాదు, రెండు గ్లాసుల నీళ్లు. బయల్దేరే గంట ముందు రెండు గ్లాసుల మామూలు నీళ్లు తాగితే షుగరు అంకె మారదు. కళ్లు తిరిగేవాళ్లకు కూడా నీళ్లు మేలు చేస్తాయి.

కాఫీ, టీ, పాలు, మజ్జిగ, బీడీ, సిగరెట్టు, నోట్లో వక్కాకు వద్దు. చక్కెర లేని కాఫీ అయినా వద్దు. పళ్లు తోముకోవచ్చు. పార్కులో గంట నడిచి అటు నుంచి అటే రావొద్దు, నడక ఆ రోజుకు సాయంత్రం పెట్టుకోండి. చేతులు పైకి మడవడానికి వీలయ్యే చొక్కా, జాకెట్టు వేసుకోండి. చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని రండి, నరం పొంగుతుంది. రాగానే రక్తం తీసేయాలని తొందరపడకుండా పది నిమిషాలు కూర్చోండి.

నొప్పి భయం మరీ ఎక్కువున్నవాళ్లకు చర్మం మొద్దుబారే క్రీము మందుల షాపులో దొరుకుతుంది, లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసినది. డాక్టరును అడిగి, మోచేతి మడతలో సుమారు గంట ముందు రాసి పైన కప్పి ఉంచాలి. వచ్చాక రాసుకుంటే పనిచేయదు.

కుర్చీలో

మీ పేరు, వయసు అడుగుతాం. ట్యూబు మీద మీ పేరే రాశామో లేదో మీరు చూడండి. ఇది మీ హక్కు, పైగా ఆ నిమిషంలో మనసుకు ఒక పని. వెనకటిసారి ఏ చేతికి నరం బాగా దొరికిందో చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, రొమ్ము ఆపరేషన్ అయిన వైపు ఉంటే, అవి కూడా చెప్పండి. కొత్త సూది మీ ముందే కవరు చించి తీయమని అడగండి.

మోచేయి పైన రబ్బరు పట్టీ కడతాం. అది బిగుతుగా ఉంటుంది, నిమిషం లోపే విప్పేస్తాం. స్పిరిటు దూదితో తుడుస్తాం. అది ఆరేదాకా ఆగమనండి. తడి స్పిరిటు మీద గుచ్చితే చురుక్కుమంటుంది, చాలామంది నొప్పి అనుకునేది ఆ మంటనే. తర్వాత సూది. గుచ్చేటప్పుడు ఒకటి రెండు సెకన్లు పోటు, ఆ తర్వాత లోపల ఉన్నట్టు చిన్న బరువు. పట్టీ కట్టిన దగ్గర నుంచి దూది పెట్టేదాకా మొత్తం ఒకటి రెండు నిమిషాలు. అసలు సూది లోపల ఉండేది అర నిమిషం అటూ ఇటూ.

కంగారు రకం భయమున్నవాళ్లు నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. సూది వదిలే ఊపిరిలో పడాలి. "నేను వదులుతున్నప్పుడు గుచ్చమ్మా" అంటే మేం వింటాం. చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూస్తేనే ధైర్యం ఉండే మనుషులు కూడా ఉన్నారు. చూడొద్దనుకుంటే తల తిప్పి, మీ తోడు వచ్చినవాళ్లతో మాట్లాడండి. నేనైతే ఊరి సంగతులు అడుగుతాను: వాన పడిందా, వేరుశనగ వేశారా, బోరులో నీళ్లున్నాయా. సమాధానం చెబుతూ ఉండగానే అయిపోతుంది.

రెండు ట్యూబులు చూసి "ఇంత రక్తమా!" అంటారు. బూడిద రంగు మూత ట్యూబులో పరగడుపు షుగరుకు, ఊదా రంగు మూత ట్యూబులో మూడు నెలల షుగరుకు తీస్తాం. బూడిద రంగు దానిలో ఫ్లోరైడు పొడి ఉంటుంది. బయటికొచ్చిన రక్తంలోని కణాలు కూడా చక్కెరను తింటూనే ఉంటాయి కాబట్టి, ఆ పొడి లేకపోతే గంట గంటకూ అంకె పడిపోతుంది. రెండూ కలిపి ఒక టీ చెంచాడు రక్తం. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. నీరసం వస్తే అది ఆకలి వల్ల, భయం వల్ల. రక్తం తగ్గి కాదు.

ఒకసారి నరం తప్పితే ఇంకోసారి ప్రయత్నించడం మామూలే. రెండుసార్లు తప్పితే మాత్రం "వేరే వాళ్లను పిలవండి" అని మీరు అనొచ్చు. నేను నా చోట అదే చేస్తాను.

తీశాక

దూది పెట్టిన చోట మీరే వేలితో రెండు మూడు నిమిషాలు గట్టిగా అదమండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఐదు నిమిషాలు. చెయ్యి చాపే ఉంచండి. అందరూ మోచేయి మడుస్తారు, దానివల్లే లోపల రక్తం కారి నల్లగా కమిలిపోతుంది. కమిలినా వారం, పది రోజుల్లో పోతుంది. అదే రోజు ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తొద్దు.

కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు పావుగంట కూర్చుని కదలండి. వెంటనే లేచి బండి స్టార్టు చేయొద్దు. తోడు వచ్చినవాళ్లు నడపాలి. పీపీబీఎస్ లేకపోతే అక్కడే తెచ్చుకున్నది ఏదైనా తినేయండి. పీపీబీఎస్ ఉంటే రోజూ తినే టిఫినే తినండి: ఉగ్గాని అయితే ఉగ్గాని, జొన్నరొట్టె అయితే జొన్నరొట్టె. ఆ రోజు ప్రత్యేకంగా ఇడ్లీ ఒక్కటి తిని రావొద్దు. మధ్యలో 2 గంటలూ ల్యాబులో కూర్చుని గోడ చూడక్కర్లేదు, నీడన ఎక్కడైనా కూర్చోండి, టీ మాత్రం తాగొద్దు.

రిపోర్టు

అంకె అంటే భయపడేవాళ్లకు అసలు గండం ఇక్కడ. రిపోర్టు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తుంది, చాలాసార్లు రాత్రి ఎనిమిది దాటాక. డాక్టరు దొరకని వేళ, ఒంటరిగా, మంచం మీద పడుకుని దాన్ని తెరిచి, ఎర్రగా ఉన్న ఒక అంకె చూసి తెల్లవార్లూ మేలుకుంటారు. ముందే మూడు నిర్ణయాలు తీసుకోండి. ఎవరి పక్కన కూర్చుని తెరుస్తారు, ఏ వేళ తెరుస్తారు, మర్నాడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్తారు. డాక్టరు చూసే టైము ముందే ఖాయం చేసుకున్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పడుతుంది.

అంకెలు ఇవి. పరగడుపున 100 లోపు మామూలు. 100 నుంచి 125 అయితే షుగరు రాబోయే స్థితి. 126, అంతకు మించితే షుగరు. మూడు నెలల షుగరు 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా రాబోయే స్థితి, 6.5 నుంచి షుగరు. గర్భిణులు కానివాళ్లకు గ్లూకోజు తాగించి 2 గంటలకు చూసిందైతే 140 లోపు మామూలు, 140 నుంచి 199 దాకా రాబోయే స్థితి, 200 నుంచి షుగరు. గర్భిణులకు కొలత వేరు, డాక్టరునే అడగండి. ఇంట్లో టిఫిను తిన్నాక చూసిన అంకెను డాక్టర్లు ఇంచుమించు ఈ 140, 200 కొలతతోనే అంచనా వేస్తారు.

ఎక్కువ దాహం, మాటిమాటికీ మూత్రం లాంటి లక్షణాలు లేని మనిషికి ఒక్క రిపోర్టుతో షుగరని తేల్చరు. రెండో పరీక్షతో ఖాయం చేసుకుంటారు. కాబట్టి మొదటి అంకె తీర్పు కాదు, మళ్లీ చూడమని చెప్పే కబురు. "భయం వల్లే పెరిగిందేమో" అని అడుగుతారు. కంగారులో విడుదలయ్యే అడ్రినలిన్ లాంటివి షుగరును కొంచెం పెంచుతాయి, నిజమే. ఆ ఒక్క పొద్దుటి భయానికి మూడు నెలల సగటును మార్చే శక్తి మాత్రం లేదు. ఆ అనుమానం ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ మంచి సాక్షి.

రాబోయే స్థితి అని వచ్చిందనుకోండి. మీరు ఒంటరి కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మద్దతుతో దేశమంతా చేసి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021లో మన దేశంలో 13.6 కోట్ల మంది ఈ స్థితిలో ఉన్నారు, 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. ఈ స్థితిలో చేయగలిగింది చాలా ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, నడక, తిండి మార్చుకున్నవాళ్లలో షుగరుగా మారే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. నన్నడిగితే ఇంత మేలు చేసే కబురు రెండు నెలలు ఆలస్యంగా తెలుసుకోవడమే నష్టం.

షుగరనే తేలితే సంగటి, అన్నం మానేయమని ఎవరూ అనరు. ముద్ద చిన్నది చేసి, పక్కన పప్పు, ఆకుకూర పెంచమంటారు. సంగటి రాగిదే కదా, ఎంతైనా తినొచ్చు అనుకోవడం కూడా పొరపాటే, అందులోనూ పిండి పదార్థం ఉంది. ఓళిగ రోజూ తినే వస్తువు కాదు. పండగ రోజు ఎంత తినాలో డాక్టరునే అడగండి, మీరు అడగకపోతే ఇంట్లోవాళ్లు పూర్తిగా లాగేస్తారు. మాత్రల గురించి కూడా అడగండి. బరువు తగ్గి, నడక అలవాటై మాత్రలు తగ్గించుకున్నవాళ్లు నా దగ్గరికి మూడు నెలలకోసారి వస్తూనే ఉన్నారు. సొంతంగా మాత్రం ఆపొద్దు.

ఒక్క సందర్భంలో ఈ నెమ్మది పనికిరాదు. విపరీతమైన దాహం, మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడంతో పాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే ల్యాబుకు, తేదీకి, రిపోర్టుకు ఆగొద్దు. ఏ వేళైనా సరే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

మళ్లీ ఎప్పుడు

అన్నీ మామూలుగా ఉన్నా మూడేళ్లకోసారి చూపించుకోవాలి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే డాక్టరు ఇంకా దగ్గరగా పెడతారు. రాబోయే స్థితి అయితే ఏడాదికోసారి. రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వరసగా పెట్టండి, ఫోన్లో ఉన్నది ఫోన్ పోతే పోతుంది. ఇప్పటి రిపోర్టు వెనక పెన్నుతో మూడు సంగతులు రాయండి: ఏ చేతిలో నరం దొరికింది, కూర్చుని తీశారా పడుకోబెట్టి తీశారా, సూది వేసిన నిమిషంలో మీకు పనికొచ్చింది ఏది. వచ్చేసారి కౌంటరు దగ్గర ఆ కాగితం చూపిస్తే చాలు, మీరు నోరు తెరిచి ఏమీ చెప్పుకోనక్కర్లేదు. కుడి చెయ్యి, పడుకోబెట్టి, ఊపిరి వదులుతున్నప్పుడు అని చదువుకుని నేను మంచం మీద దుప్పటి సర్దుతాను.